మా గల్లీలో పన్నెండు కార్లకు చోటు

మా జిరాక్స్ షాపు చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కూ మధ్య ఒక గల్లీ మలుపులో ఉంది. నడిచి వెళ్ళే దూరంలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. హాల్‌టికెట్లు, కరెంట్ అఫైర్స్ నోట్సులు, సర్టిఫికెట్ల కాపీలు... మా ఇంట్లో అన్నం వీటితోనే ఉడుకుతుంది. ఆ కాపీల కోసం వచ్చేవాళ్ళ బండ్లే మా షాపు మెట్ల మీదికి ఎక్కి కూర్చుంటాయి. ఒక బండి తీస్తే తప్ప ఇంకో మనిషి లోపలికి రాలేడు.

సాయంత్రం ఆరు దాటితే ఆ చుట్టుపక్కల స్కూటీ నిలపడానికి కూడా జాగా దొరకదు. ప్రతి గేటుకూ ఒక బోర్డు: "గేటు ముందు వాహనములు నిలుపరాదు, గాలి తీయబడును." మాకు నాలుగిళ్ళ అవతల ఒకాయన ఆ మాట తు.చ. తప్పకుండా పాటిస్తాడు. గాలి పోయిన బండిని తోసుకుంటూ వచ్చి "అన్నా, పంక్చర్ షాపు ఎక్కడ?" అని నన్ను అడిగిన పిల్లలకు లెక్కలేదు. బోర్డు పెట్టనివాళ్ళు పాత కుర్చీలు, సిమెంటు దిమ్మెలు, నీళ్ళు నింపిన పెయింట్ డబ్బాలు రోడ్డు మీద పెట్టి జాగా ఆపుకుంటారు.

షాపు వెనక్కి తిరిగితే ఇంకో వీధి ఉంది. ముప్పై అడుగుల వెడల్పు. ఒకవైపు ఆరిళ్ళు, రెండోవైపు ఏళ్ళ క్రితం మూతబడిన ఒక బడి ప్రహరీగోడ. ఆ గోడ పొడవునా ఒక్క గేటూ లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ట్రాఫిక్ జామయినప్పుడల్లా ఆటోలూ బైకులూ ఈ వీధిలో దూరి అవతల తేలేవి. 2023 ఆగస్టు 19న ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా రెండుంపావు కిలోమీటర్ల స్టీల్ బ్రిడ్జి తెరిచారు. జనం పైనుంచి పోవడం మొదలుపెట్టాక మా వెనక వీధికి వచ్చే బండ్లు తగ్గిపోయాయి. హైదరాబాదులో ఖాళీ జాగాను ఎవరూ ఖాళీగా ఉండనివ్వరు కదా. ఎవరిల్లు కూలగొట్టినా మల్బా తెచ్చి ఆ గోడ పక్కనే పోశారు. చెత్త కుప్ప పడింది. చక్రాల్లేని ఒక వ్యాను ఇటుకల మీద కూర్చుంది. గోడ పక్కన నిలబడి పని కానిచ్చేవాళ్ళను ఆపడానికి ఎవరో దేవుళ్ళ టైల్స్ అతికించారు. అది కూడా పూర్తిగా పనిచేయలేదు.

2024 జనవరిలో ఒకరోజు గానసభకు నాట్యం చూడ్డానికి వచ్చిన పెద్దాయన మా షాపు ముందు కారాపి, "ఇరవై నిమిషాల్నుంచి తిరుగుతున్నా బాబూ, ఎక్కడైనా పెట్టుకోవడానికి చోటుందా?" అని అడిగాడు. వెనక వీధి చూపించాను. వెళ్ళి, మల్బా చూసి, తిరిగొచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి షట్టర్ దించుతుంటే అనిపించింది, ఈ వీధినే పార్కింగ్ చేస్తే ఏం పోయింది అని.

నా స్వార్థం లేదని చెప్పను. షాపు మెట్లు ఖాళీ అవుతాయి. తర్వాత ఆ మాట నన్ను చాలామంది చాలా రకాలుగా అన్నారు.

ఉత్త మాటతో వెళ్తే ఎవరూ వినరని గ్రూప్-2కి చదువుకునే ఒక తమ్ముడు చెప్పాడు. "డేటా ఉండాలన్నా" అన్నాడు. సరేనని ఇద్దరం కలిసి ఫిబ్రవరిలో ఏడు రోజులు లెక్కపెట్టాం. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా, ప్రతి గంటలో పది నిమిషాలు. అతను వెనక వీధిలో మెట్టు మీద కూర్చుని పాలిటీ చదువుకుంటూ గీతలు పెట్టేవాడు, నేను షాపులోంచి ముందు రోడ్డు చూసేవాణ్ణి. సాయంత్రం ఆరుకు వెనక వీధిలో పది నిమిషాలకు నాలుగైదు బండ్లు. అదే సమయానికి ముందు రోడ్డు ఫుట్‌పాత్ మీద, మా షాపు నుంచి రెండు వందల అడుగుల లోపలే, ఒక్కోరోజు తొంభైకి పైగా బైకులు. ముచ్చటగా టేబుల్ గీసి, ఫొటోలు అతికించి, కలర్ ప్రింట్ తీశాం. ఖర్చు మనదే కదా.

ఆ కాగితం ఎవరికివ్వాలో తెలుసుకోవడానికే నెల పట్టింది. మునిసిపల్ వాళ్ళ దగ్గరికెళ్తే "పార్కింగ్ అంటే ట్రాఫిక్ పోలీసుల పని" అన్నారు. ట్రాఫిక్ వాళ్ళ దగ్గరికెళ్తే "రోడ్డు మాది కాదు, కార్పొరేషన్‌ది" అన్నారు. ఇద్దరూ నన్ను ఆడుకుంటున్నారని కోపమొచ్చింది. తీరా చూస్తే ఇద్దరి మాటా నిజమే. పబ్లిక్ వీధి కార్పొరేషన్‌ది. బండ్లు ఎక్కడ, ఎంతసేపు నిలపవచ్చో నిర్ణయించే అధికారం మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 117 కింద రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా ప్రభుత్వం ఆ అధికారం అప్పగించినవాళ్ళది. అది కూడా స్థానిక సంస్థను సంప్రదించాకే. అంటే ఇద్దరూ ఒక కాగితం మీదికి వస్తేనే పని. పాలిటీ తమ్ముడు ఆ సెక్షన్ వెతికి పట్టుకొచ్చిన రోజు అతనికి నోట్సు ఫ్రీగా స్పైరల్ బైండింగ్ చేసిచ్చాను. అప్పట్నుంచి ఏ ఆఫీసుకెళ్ళినా రెండు కాపీలు. ఒకదాంట్లో "ప్రతి: ట్రాఫిక్", రెండోదాంట్లో "ప్రతి: మునిసిపల్". ఇద్దరి దగ్గరా స్టాంపు వేయించుకునేవాణ్ణి. స్టాంపు లేని దరఖాస్తు పెట్టనట్టే లెక్క.

దరఖాస్తు పెట్టిన వారానికే లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది. మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా ఎవర్నడిగినా "కోడ్ ఉంది సార్" అన్నమాటే. సోమవారాల్లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి కూడా ఆగింది. కోడ్ పోయాక వెళ్తే ఒక ఆఫీసులో నా ఫైలు కనపడలేదు. స్టాంపున్న కాపీ చూపిస్తే "ఇంకో సెట్ ఇవ్వండి, ఇదెక్కడికి పోయిందో చూస్తాం" అన్నారు. సమాచార హక్కు దరఖాస్తు పెడదామని తమ్ముడు తొందరపడ్డాడు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి కాబట్టి ఫైలు దానంతటదే దొరుకుతుందని అతని ధీమా. నేనే వద్దన్నాను. రేపు మళ్ళీ వాళ్ళతోనే పని. ఒక సోమవారం ప్రజావాణికి వెళ్ళి, టోకెన్ తీసుకుని, రెండు గంటలు కూర్చుని కొత్త సెట్ ఇచ్చాను. నా ముందున్నావిడ డ్రైనేజీ గురించి ఐదోసారి వచ్చానంది. నాది రెండోసారేనని చెప్పడానికి సిగ్గేసింది.

ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే ఫోను: "సైటు చూడ్డానికి వస్తున్నాం." ఇంజినీరింగ్ నుంచి ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), టౌన్ ప్లానింగ్ నుంచి ఒకాయన, ట్రాఫిక్ నుంచి ఎస్సై, వాటర్ బోర్డు నుంచి ఇంకో ఏఈ. నలుగురూ ఒకేసారి రావడమే గొప్ప. నేను ఆరిళ్ళవాళ్ళకూ ముందే చెప్పలేదు. అది నేను చేసిన పెద్ద తప్పు.

నా లెక్క చాలా సులువు. గోడ పొడవు నూట పద్దెనిమిది మీటర్లు. కారు పొడుగ్గా, అంటే గోడకు సమాంతరంగా పెట్టాలంటే ముందూ వెనకా తిప్పుకోవడంతో కలిపి ఆరు మీటర్లు. పంతొమ్మిది కార్లు. నా ప్లానులో పంతొమ్మిది గళ్ళు నీలం రంగులో మెరుస్తున్నాయి.

ట్రాఫిక్ ఎస్సై ముందు రెండు మూలలూ కొట్టేశాడు. మలుపులో కారుంటే తిరిగే బండికి ఎదుటివాడు కనపడడు, చెరో పది మీటర్లు వదలమన్నాడు. పదహారు. ట్రాన్స్‌ఫార్మర్ ముందు కరెంటువాళ్ళు నిచ్చెన వేసుకోవాలి. పదిహేను. వాటర్ బోర్డు ఆయన బూటుతో మట్టి జరిపి రెండు మ్యాన్‌హోళ్ళు చూపించాడు. "డ్రైనేజీ పొంగితే మా మిషను రావాలి. అప్పుడు కారు ఓనరు సినిమాలో ఉంటే నేనేం చెయ్యాలె?" పదమూడు. గోడకు మధ్యలో ఒక కానుగ చెట్టు, దాని నీడలో ఇస్త్రీ బండి. టౌన్ ప్లానింగ్ ఆయన బండి వంక చూశాడు. నేను నా ప్లాను వంక చూసుకున్నాను. అందులో ఇస్త్రీ బండి లేదు. చెట్టును వేశాను, మనిషిని వేయలేదు.

"ఇరవై రెండేళ్ళ నుంచి ఈడనే ఉన్న బిడ్డా" అన్నాడు ఇస్త్రీ మామ, ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండానే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వెండింగ్ కార్డు ఉన్నవాళ్ళను ఇష్టం వచ్చినట్టు లేపలేరు. మామ దగ్గర కార్డుంది, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా. నా షాపులోనే లామినేషన్ చేయించుకున్నాడట. నాకు గుర్తే లేదు. పన్నెండు.

అప్పటికి ఆరిళ్ళ గేట్లూ తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే బయటికొచ్చారు. మూడో ఇంటి పెద్దమ్మ నా చేతిలోంచి కలర్ ప్రింట్ తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. రిటైర్డ్ టీచర్ ఆమె. తప్పు దొరికేదాకా వదిలే రకం కాదు.

"బండ్లు లెక్కవెట్టినవ్. మంచిగనే ఉన్నది. మనుషుల్ని లెక్కవెట్టినవా?"

నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పిల్లలు ఆ వీధిలో క్రికెట్ ఆడతారు, గోడ మీద బొగ్గుతో గీసిన మూడు వికెట్లు అక్కడే ఉన్నాయి. ఎండాకాలం సంపులు ఎండితే నీళ్ళ ట్యాంకర్ ఆ వీధిలోనే ఆగాలి, వేరే చోట పైపు అందదు. వినాయక చవితికి మండపం. బతుకమ్మకు మూడు గల్లీల ఆడవాళ్ళు అక్కడే చేరతారు, ఎందుకంటే బండ్ల గోల లేని వీధి ఇదొక్కటే. మేము ఏ బ్రిడ్జి పుణ్యమా అని వీధి ఖాళీ అయిందని సంబరపడ్డామో, అదే బ్రిడ్జి పుణ్యమా అని వాళ్ళకు ఆ ప్రశాంతత దొరికింది. పాలిటీ తమ్ముడు ఏడు రోజులు అక్కడే కూర్చున్నాడు. బంతి వచ్చి రెండుసార్లు అతని పుస్తకం మీద పడింది. గీత మాత్రం బండి వస్తేనే పెట్టాడు. అతన్నేమీ అనలేను, ఆ కాగితంలో గళ్ళు గీసింది నేనే.

ఆ రోజు గొడవే అయింది. "నీ షాపు కోసం మా వాకిళ్ళు కావాల్నా?" అని ఒకాయన. "రేపటెళ్ళి లైబ్రరీ పోరలంత ఈడ సిగరెట్లు తాగుతరు" అని ఇంకొకాయన. ఏఈ గారు నెమ్మదిగా ఫైలు మూసి, "ముందు మీరు మీరు మాట్లాడుకోండి" అని వెళ్ళిపోయారు. నన్నడిగితే ఆ మొత్తం ప్రక్రియలో ఎవరైనా చేసిన అత్యంత తెలివైన పని అదే.

మాట్లాడుకోవడానికి అక్టోబరు దాటింది. మధ్యలో చవితి, బతుకమ్మ, దసరా. నవంబరు మొదట్లో రాష్ట్రమంతా ఇంటింటి కులగణన సర్వే మొదలైంది. ఆఫీసుల్లో ఎవరూ దొరకలేదు. ఒకందుకు అదీ మంచిదే అయింది. పెద్దమ్మ ఇంటి అరుగు మీద ఆదివారాలు కూర్చునేవాళ్ళం. రెండోసారి లెక్కపెట్టాం. ఈసారి పెద్దమ్మే గీతలు పెట్టింది. పొద్దున నడకకు వచ్చేవాళ్ళు, ఆడుకునే పిల్లలు, ఇస్త్రీకి వచ్చేవాళ్ళు, కూరగాయల బండి, పాలవాడు. సాయంత్రం ఐదింటికి బండ్లకంటే మనుషులే ఎక్కువ. ఆరున్నర దాటాక మనుషులు తగ్గిపోతారు, సరిగ్గా అప్పుడే ముందు రోడ్డు మీద గొడవ మొదలవుతుంది. ఇది మాకెవరికీ తట్టలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టేసరికి కనపడింది.

అరుగు మీద తేలినవి కొన్ని, తేలనివి కొన్ని. మా సంఘం ప్రెసిడెంటు సారు కారుకు పది రూపాయలు వసూలు చేసి వాచ్‌మన్‌ను పెడదామన్నాడు. కార్పొరేషన్ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద సంఘం రసీదు పుస్తకం తెరిస్తే అది వసూలే, పార్కింగ్ ఫీజు కాదు. ఏఈ గారే ఫోన్లో ఆ మాట గట్టిగా చెప్పారు. వెంటనే ఇంకొకాయన వాట్సాప్‌లో "పార్కింగ్ మొత్తం ఫ్రీ అని జీవో ఉంది" అని పెట్టాడు. 2018లో వచ్చిన ఆ జీవో మాల్స్‌కు, మల్టీప్లెక్సులకు, షాపింగ్ కాంప్లెక్సులకు సంబంధించింది. మొదటి అరగంట ఉచితం, గంట లోపల ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. వీధిలో పార్కింగ్‌కు దానితో సంబంధం లేదు. ఇక ఆరిళ్ళవాళ్ళ అసలు కోరిక స్టిక్కర్లు, అంటే మా వీధివాళ్ళకే చోటు. అది కుదరదన్నారు. పబ్లిక్ వీధిలో గీసిన గడి ముందొచ్చినవాడిదే. ఆ మాటకు రెండిళ్ళవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఒకింటివాళ్ళు ఇప్పటికీ నా షాపుకు రారు.

అధికారులు ఒప్పుకునేలోపు మేమే ప్రయత్నించి చూడాలనుకున్నాం. 2025 జనవరిలో, సంక్రాంతికి సగం ఊరు ఖాళీ అయినప్పుడు, ఎస్సై గారికి చెప్పి ముగ్గుపిండితో గళ్ళు గీశాం. అంతకుముందు మల్బా తీయించడానికే రెండు రోజులు, నాలుగు ట్రిప్పులు. ఇటుకల మీది వ్యానును పోలీసులు ఎత్తుకెళ్ళారు. అలాంటి బండ్లకు ప్రకటన ఇచ్చి, ఆరు నెలల్లో ఎవరూ రాకపోతే వేలం వేస్తారట. టేపు పట్టుకున్నది పాలిటీ తమ్ముడు. అప్పటికి గ్రూప్-2 రాసేసి ఖాళీగా ఉన్నాడు. ముగ్గుపిండి జారవిడిచింది పెద్దమ్మ. గీత తిన్నగా పడటమంటే అదీ. గోడ పక్కన కారుకు రెండున్నర మీటర్లు, ఇళ్ళవైపు గేటుకూ గేటుకూ మధ్య బైకులు అడ్డంగా పెట్టడానికి రెండు మీటర్లు. మధ్యలో నాలుగున్నర మీటర్లు దారి. అంత దారిలో ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకడు వెనక్కి పోవాలి, కాబట్టి వన్‌వే. ఒక చక్రాల కుర్చీ గడి కూడా కావాలని పెద్దమ్మ పట్టుబట్టింది. దానికి వెడల్పు మూడు మీటర్ల అరవై సెంటీమీటర్లు ఉండాలి, తలుపు తెరిచి కుర్చీ దించుకోవడానికి. ట్రాన్స్‌ఫార్మర్ అవతల రోడ్డు కాస్త వెడల్పయ్యే చోట ఒక్కటి పట్టింది.

మొదటి వారం ఎవరూ రాలేదు. అందరూ ముందు రోడ్డు మీదే కొట్టుకుంటున్నారు. కంప్యూటర్లో బాణం గుర్తు ప్రింట్ తీసి మూడు స్తంభాలకు కట్టాను. రెండో వారం నిండింది. మూడో రోజు ఒక కారు వచ్చి నిలబడింది, పైన వెండిరంగు కవరు. కవరు కప్పిందంటే అది పోయే కారు కాదు. పదమూడు రోజులు కదల్లేదు. ఇస్త్రీ మామ చాక్‌పీసుతో టైరు మీద ఒక గీత, దాని కిందే రోడ్డు మీద ఇంకో గీత గీశాడు. రెండు గీతలూ రోజూ ఎదురెదురుగానే. ఫీజు లేకపోతే ఇంతే. నా మటుకు నేను గంటకు ఐదో పదో పెట్టాల్సిందేనంటాను, డబ్బు కార్పొరేషన్‌కే పోనీ. ఊరికే దొరికిన చోటును పక్క అపార్టుమెంట్లవాళ్ళ రెండో కారు తినేస్తుంది, గానసభకొచ్చే పెద్దాయన మళ్ళీ ఇంటికే పోతాడు. ఈ విషయంలో పెద్దమ్మా నేనూ ఒకటి, మిగతా అందరూ ఒకటి. ఓడిపోయాం. చివరికి బోర్డు మీద "నాలుగు గంటలు మాత్రమే" అని రాయించగలిగాం. చూసేవాడు లేని నాలుగు గంటలు.

మార్చిలో అసలు గీతలు పడ్డాయి. థర్మోప్లాస్టిక్ అంటారట. తెల్లపొడిని గ్యాస్ మంట మీద కరిగించి, చిన్న తోపుడు బండిలాంటి దానితో రోడ్డు మీద పరుస్తారు. తడి ఆరకముందే పైన సన్నటి గాజుపూసలు చల్లుతారు, రాత్రి హెడ్‌లైట్ పడితే మెరిసేది అవే. రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి రెండింటికి ముగించారు. పిల్లలంతా లేచే ఉన్నారు. ఆరిన గీత మీద మొదట కాలు పెట్టింది కుక్క. రెండు చివర్లా నీలం బోర్డులు, తెల్లటి 'పి' అక్షరం. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా బడిగోడ చివరి నాలుగు గళ్ళలో పార్కింగ్ లేదు. పిల్లల వికెట్లు అక్కడికి జరిగాయి. ఇది బోర్డు మీద లేదు, అధికారులకు చెప్పనూ లేదు. ఇస్త్రీ మామ రెండు స్టూళ్ళు పెడతాడు, అంతే. మేమూ చివరికి స్టూళ్ళ దగ్గరికే వచ్చామని మా ఆవిడ నవ్వింది.

ఫుట్‌పాత్ మొత్తం ఖాళీ అయిందనుకుంటే పొరపాటు. తొంభై బైకుల్లో నలభై దాకా వెనక్కి వెళ్ళాయి. మిగతావి అక్కడే ఉన్నాయి. ఇరవై అడుగులు నడవాల్సొస్తే మనవాళ్ళకు ప్రాణం మీదికొస్తుంది. నా మెట్లు మాత్రం కనపడుతున్నాయి.

సెప్టెంబరు 30 సద్దుల బతుకమ్మ. వారం ముందే గళ్ళలో నిలిపిన కార్ల వైపర్ల కింద చీటీలు పెట్టాం, నా ప్రింటే: "30వ తేదీ మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా దయచేసి బండి నిలపకండి." పదకొండు కార్లు పోయాయి. పన్నెండోది ఆ వెండి కవరు కారే. ఓనరు ఊళ్ళో లేడట. పెద్దమ్మ వచ్చి చూసి, "ఉండనీ" అంది. ఆడవాళ్ళు బతుకమ్మలను వీధి నడిమధ్య పెట్టి, ఆ కారును కూడా లోపలికి కలుపుకొని పెద్ద చుట్టు తిరిగారు. ఎవరో చిన్నపిల్ల కవరు మీద ఒక బంతిపువ్వు పెట్టింది. మూడు రోజులకు ఓనరు దిగి, ఎండిన పువ్వు తీసేసి, కారు తీసుకుపోయాడు. మళ్ళీ రాలేదు.

ట్యాంకర్ ఆగేచోట గీతలు ఇప్పటికే అరిగిపోయాయి. మూలలో వదిలిన పది మీటర్లలో ఒక మిర్చిబజ్జీ బండి వెలిసింది. అతనికి కార్డు లేదు, కానీ బజ్జీలు బాగుంటాయి. గీతలు మళ్ళీ వేయమని కొత్త దరఖాస్తు రాశాను. రెండు సెట్లు, ఫొటోలతో. ఈసారి టేబుల్లో రెండు వరుసలున్నాయి, బండ్లకొకటి, మనుషులకొకటి. సోమవారం టోకెన్ తీసుకోవాలంటే తొమ్మిదిన్నరకల్లా అక్కడుండాలి, షాపు తమ్ముడికి అప్పజెప్పి వెళ్తాను.